అప్‌గ్రేడ్ గది, ఆరంగుళాల గడప

నా సంచిలో ఎప్పుడూ ఒక కొలత టేపు ఉంటుంది. ముప్ఫై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పిన అలవాటు కొంత, మూడో ఏట వచ్చిన పోలియో నేర్పిన జాగ్రత్త కొంత. కుడికాలికి కాలిపర్, అంటే కాలిని నిలబెట్టే కడ్డీల పట్టీ, వేసుకుని, చంకకర్రతో ఇంట్లో నాలుగడుగులు వేస్తాను. గుమ్మం దాటితే చక్రాల కుర్చీయే. దాని వెడల్పు 25 అంగుళాలు. ఏ కొత్త చోటికి వెళ్లినా ముందు తలుపు కొలిచి, తర్వాతే మంచినీళ్లు తాగుతాను. మా ఆవిడకి ఇది చాదస్తం.

2022 మార్చి 27న మామూలు విమానాలు మళ్లీ మొదలవగానే తెనాలి నుంచి బయల్దేరి డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే మా అమ్మాయి దగ్గరికి వెళ్లాం. ఏప్రిల్ చివర్లో గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికో వెళ్లొచ్చే ఐదు రాత్రుల క్రూయిజ్‌కి అంతకు ముందు డిసెంబర్లోనే అమ్మాయి బుక్ చేసింది. మన పాస్‌పోర్టు మీద మల్టిపుల్ ఎంట్రీ అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు, అందుకే ఆ రూటు. మా ఇద్దరికీ కలిపి గది అద్దె 1,170 డాలర్లు, పన్నులూ రేవు ఫీజులూ 316, మొత్తం 1,486. అప్పటి రేటు ప్రకారం లక్షా పదమూడు వేలకి కాస్త తక్కువ. టిప్పులు వేరే: మనిషికి రోజుకు 14.50 చొప్పున ఇద్దరికీ ఐదు రోజులకి 145. కట్టింది అమ్మాయే అయినా లెక్క నా దగ్గర ఉంది.

ఆ డబ్బుకి మేం తీసుకున్నది చక్రాల కుర్చీ వాళ్ల కోసం కట్టిన గది. ఏడో డెక్కు, లిఫ్టు పక్కన, పెద్ద కిటికీ. నంబరు 7216. రెండు వందల పదహారు అంటే ఆరు ఘనం కాబట్టి మర్చిపోయే ప్రశ్నే లేదు.

ఓడ ఎక్కడానికి రెండు రోజుల ముందు సాయంత్రం కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో 'అభినందనలు!' అని ఉంది. మాకు బాల్కనీ గది ఉచితంగా ఇచ్చారట. అమ్మాయి ఎగిరి గంతేసి వాళ్ల అమ్మని పట్టుకుని తిప్పింది. నేను ఒక్కటే అడిగాను: "తలుపు ఎంత వెడల్పు?" ఇల్లు నిశ్శబ్దమైపోయింది.

అమ్మాయి ఫోన్ పట్టుకుంది. గంటా నలభై నిమిషాలు సంగీతం విన్నాక ఒకావిడ దొరికింది. ఆ వరస గదులన్నీ కోవిడ్ ఐసోలేషన్ కోసం పక్కన పెట్టామనీ, మిగతా వీల్‌చైర్ గదులు నిండిపోయాయనీ చెప్పింది. నిజం చెప్పాలంటే ఐసోలేషన్ గదులు ఉంచడాన్ని నేను తప్పు పట్టను. 2020 ఫిబ్రవరిలో యోకోహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఓడ ఆగిపోయినప్పుడు, అందులో ఉన్న 3,711 మందిలో 700 మందికి పైగా జబ్బు పట్టుకోవడం అందరం టీవీల్లో చూశాం. జబ్బు వచ్చినవాడిని పెట్టడానికి గది ఉండాల్సిందే. కానీ గదులు వెతికేటప్పుడు వాళ్ల కళ్లు ముందు పడింది ఎవరి గది మీద?

ఫోన్లో ఆవిడ చెప్పిన ఇంకో మాట నాకు ఎక్కువ గుచ్చుకుంది. డిసెంబర్లో వైద్య అవసరాల ఫారం నింపాం. 'కొన్ని అడుగులు నడవగలరా?' అన్న ప్రశ్న దగ్గర నేను నిజాయితీగా 'అవును' అని టిక్కు పెట్టించాను. ఆ టిక్కు వల్ల నేను 'గది మార్చదగిన' జాబితాలో పడ్డానట. ఇప్పుడు రద్దు చేసుకుంటే పైసా రాదు. కోవిడ్ పాజిటివ్ వస్తే మాత్రం వాపసు ఇస్తారు. "పోనీ ఎవరైనా దగ్గుతున్నారేమో చూడండి" అన్నాడు అల్లుడు. అతని జోకులకి మా ఆవిడ మాత్రమే నవ్వుతుంది.

మీలో ఎవరైనా ఇలాంటి ఫారం నింపాల్సి వస్తే, ఒంట్లో బాగున్న రోజుని తలుచుకుని నింపకండి. కాలిపర్ పట్టీ తెగి, మోకాలు వాచి, తడి నేల మీద నిలబడాల్సి వచ్చిన రోజుని తలుచుకుని నింపండి.

అక్కడి నుంచి ఓడ దాకా అంతా సాఫీ. ఫ్రిస్కో నుంచి గాల్వెస్టన్ మూడు వందల మైళ్లకు పైనే. ఒక రోజు ముందే వెళ్లి హోటల్లో దిగాం, 129 డాలర్లు, పన్ను అదనం. స్నానాల గదిలోకి కుర్చీతో సహా వెళ్లిపోవచ్చు, గోడకి మడిచే సీటు. 1900 తుఫానులో ఊరు కొట్టుకుపోయాక కట్టిన సముద్రపు గోడ పది మైళ్ల పొడవున ఉంది. దాని మీద కాలిబాట చదునుగా, ఒక్క గతుకు లేకుండా ఉంది. గంటసేపు నా కుర్చీ నేనే తోసుకున్నాను. కోవిడ్ పరీక్షలో నలుగురికీ నెగెటివ్. మొత్తం ప్రయాణంలో నేను హాయిగా స్నానం చేసిన ఆఖరి చోటు ఆ హోటలేనని అప్పటికి తెలియదు.

ఓడలో మా బాల్కనీ గది తొమ్మిదో డెక్కులో, ముందు కొసన. లిఫ్టు నుంచి కుర్చీలో వెళ్లడానికే నాలుగు నిమిషాలు. టేపు తీశాను. తలుపు 23 అంగుళాలు. కుర్చీ 25. ఇక ఇందులో సాధించాల్సిన లెక్కేమీ లేదు. కుర్చీ బయట వదిలి, గోడ పట్టుకుని లోపలికి వెళ్లాను. మంచానికీ గోడకీ మధ్య 17 అంగుళాలు. బాల్కనీ గడప 5 అంగుళాలు. స్నానాల గది గడప 6. కాలిపర్ తడవకూడదు, అది విప్పితే ఆ కాలు నిలవదు. ఒంటికాలి మీద ఆరంగుళాల గడప దాటి, ఊగే ఓడలో, పట్టుకోవడానికి కర్టెన్ తప్ప ఏమీ లేని చోట స్నానం చేయమన్నమాట.

దీనికి తోడు కుర్చీని వరండాలో వదలకూడదు, అగ్నిప్రమాదం జరిగితే దారికి అడ్డమని. అది న్యాయమే. దాంతో రాత్రి కుర్చీ మడిచి మా ఆవిడ లోపలికి లాగేది. అది లోపలికి వస్తే ఆవిడ బాల్కనీలోకి వెళ్లాలి. అలా ఆ బాల్కనీకి ఒక ప్రయోజనం దొరికింది.

మొదటి రాత్రి అర్ధరాత్రి లేవాల్సి వచ్చింది. ఆవిడని లేపడం ఇష్టం లేక పక్కకి జరుగుతూ వెళ్లి గడప దగ్గర తూలాను. మోచెయ్యి తలుపుకి కొట్టుకుంది. ఆవిడ లేచి లైటు వేసి, నన్ను చూసి, ఏమీ అనకుండా గడప మీద కూర్చుంది. ముప్ఫై ఆరేళ్ల కాపురంలో ఆవిడ ఏమీ అనని సందర్భాలు తక్కువ. తెల్లారాక "ఏమండీ, గాల్వెస్టన్‌లో ఆ హోటలోడిని అడిగి ఇంకో నాలుగు రోజులు అక్కడే ఉండాల్సింది" అంది.

రెండో రోజంతా సముద్రమే. అందరూ ఈత కొలను దగ్గర ఉంటే మేం రిసెప్షన్ కౌంటర్ దగ్గర ఉన్నాం. అక్కడ కూర్చున్న పిల్ల మంచిదే, ఆమె చేతుల్లో ఏమీ లేదు. అల్లుడు రాత్రంతా ఫోన్లో వెతికి, విదేశీ జెండాతో తిరిగే ఓడలైనా అమెరికా నీళ్లలో ఉన్నప్పుడు వాటికి వికలాంగుల చట్టం వర్తిస్తుందని 2005లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చిన సంగతి పట్టుకొచ్చాడు. ఆమె శ్రద్ధగా విని, రాసుకుని, పైవాళ్లకి చెప్తానంది. మధ్యాహ్నానికి పైవాళ్ల జవాబు వచ్చింది: మా ఖాతాలో 100 డాలర్లు వేశారు. ఓడలోనే ఖర్చు పెట్టాలి, మిగిలితే తిరిగి ఇవ్వరు. గడపకి డాలర్లు అంటించుకోవాలేమో!

అసలు సాయం చేసింది మా గది సర్దే గోవా కుర్రాడు. ఎక్కడి నుంచి తెచ్చాడో ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చి స్నానాల గదిలో వేసి, "సార్, ఇది నేను తెచ్చానని చెప్పొద్దు" అన్నాడు హిందీలో. ఆ స్టూలు ఎక్కువ చోటు ఆక్రమించి తలుపు మూసుకోలేదు. తలుపు తీసి ఉంచే తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకున్నాను.

మూడో రోజు మెక్సికోలోని ప్రోగ్రెసో రేవు. ఇక్కడ సముద్రం లోతు తక్కువ కావడంతో రేవు వంతెనని ఆరున్నర కిలోమీటర్లు సముద్రంలోకి కట్టారు; ఊళ్లోకి బస్సు ఉచితం. పక్కనే చిక్షులుబ్. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల క్రితం రాక్షసబల్లుల్ని తుడిచిపెట్టిన గ్రహశకలం పడ్డది ఆ ప్రాంతంలోనే. 180 కిలోమీటర్ల గుంత, పైకి ఏమీ కనపడదు. పాఠం చెప్పబోయాను, అమ్మాయి "నాన్నా, ఆకలి" అంది.

బీచ్ రోడ్డు వెనక సందులో ఐదు టేబుళ్ల చిన్న హోటల్. ముందు రెండు మెట్లు. నేను కుర్చీ ఆపి చూస్తూ ఉండగానే లోపలి నుంచి ఒక ముసలాయన, మనవడి వయసు కుర్రాడు బయటికొచ్చి, కూల్‌డ్రింకుల డబ్బాలు దించే పొడుగాటి చెక్క తెచ్చి మెట్ల మీద ఆన్చారు. ఒక్క మాట అడగలేదు. వాళ్ల భాష మాకు రాదు, మా భాష వాళ్లకి రాదు. చెక్క మీదుగా తోసుకెళ్లి టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు.

పాపాట్సూలెస్ అని ఒక వంటకం పెట్టారు. మొక్కజొన్న రొట్టెని గుమ్మడిగింజల చిక్కటి ముద్దలో ముంచి, లోపల ఉడికిన కోడిగుడ్డు పెట్టి చుట్టి, పైన టమాటా పులుసు పోశారు. మన నువ్వుల పచ్చడికి దూరపు చుట్టంలా ఉంది. పక్కన చిన్న గిన్నెలో హబనేరో మిరపకాయ నూరిన పచ్చడి. ముసలాయన చెయ్యూపి వద్దన్నాడు. గుంటూరు జిల్లా వాళ్లకి మిరపకాయ చూపించి వద్దంటే ఆగుతారా? మా ఆవిడ స్పూను నిండా వేసుకుంది. మొదట పళ్ల వాసన, తర్వాత నిప్పు. కన్నీళ్లు కారుతూ దగ్గుతూనే "బాగుందండీ, కాస్త ఇంగువ పడితే..." అని ఇంకో స్పూను వేసుకుంది. ప్లేటు 90 పెసోలు, నలుగురికీ 360, అంటే 18 డాలర్లు. ఓడలో ఒక కాఫీ 5 డాలర్లు, చెప్పుకోదగ్గది కూడా కాదు.

ఆ దగ్గు సాయంత్రానికీ తగ్గలేదు. హబనేరో ఘాటే అనుకున్నాం. రాత్రి ఎనిమిదింటికి ఒళ్లు కాలిపోయింది. ఓడ ఆసుపత్రిలో పరీక్ష చేస్తే ఆవిడకి పాజిటివ్, నాకూ పిల్లలకీ నెగెటివ్. ఆవిడని ఐసోలేషన్ గదికి, నన్ను వేరే గదికి పంపుతామన్నారు. "నాకు కాలిపర్ కట్టేదెవరు?" అన్నాను. నర్సు నా ఫారం తీసి చూసి "మీరు కొన్ని అడుగులు నడవగలరు కదా" అంది. ఆ టిక్కు అక్కడికి కూడా వచ్చింది. మా ఆవిడ మాస్కు వెనక నుంచే తెలుగులో గట్టిగా ఏదో అంది. నర్సుకి అర్థం కాకపోయినా విషయం చేరింది. ప్రమాదం తెలిసే భార్యతో ఉంటున్నానని నా చేత సంతకం పెట్టించుకున్నారు.

ఆకుపచ్చ గౌన్లు వేసుకున్న ఇద్దరు మమ్మల్ని సిబ్బంది లిఫ్టులో కిందికి తీసుకెళ్లారు. ఏడో డెక్కు. వరండాకి అడ్డంగా ప్లాస్టిక్ తెర, జిప్పు. రెండో తలుపు దగ్గర ఆగారు. నంబరు చూశాను. ఆరు ఘనం.

టేపు తీయకుండా ఉండలేకపోయాను. తలుపు 33 అంగుళాలు. మంచం చుట్టూ కుర్చీ తిరిగే చోటు. స్నానాల గదికి గడప లేదు, మడిచే సీటు, మూడు వైపులా పట్టుకునే కడ్డీలు, చేతికి అందే షవరు. వరస మొత్తం నిశ్శబ్దం; మాతో కలిపి మూడు గదుల్లోనే జనం ఉన్నారని భోజనం తెచ్చినతను చెప్పాడు. అంటే రెండు రోజులుగా నేను గడప దగ్గర తూలుతుంటే ఈ గది ఖాళీగా తాళం వేసి ఉంది. రాత్రి పదకొండింటికి, పక్కన ఆవిడ మూలుగుతుండగా, నలభై నిమిషాలు స్నానం చేశాను. సిగ్గేసింది గానీ ఆపలేదు.

నాలుగో రోజు కోజుమెల్ దీవిని కిటికీలోంచి చూశాం. నీలం రంగులు ఎన్ని రకాలో లెక్కపెట్టాను, ఏడు. మందులు, వైఫై ఉచితం. భోజనం అట్టపెట్టెల్లో, ఎప్పుడూ చల్లగానే. మా ఆవిడకి గొంతులోకి ఏదీ దిగక "కాస్త చారన్నం ఉంటే..." అంటుంటే, అమ్మాయి వంటవాళ్లని బతిమాలి టమాటాలు, మిరియాలు మరగబెట్టించి పంపింది. ఉప్పు మర్చిపోయారు. ఆ 100 డాలర్లు ఖర్చు పెట్టే దారి మాకు లేదు కాబట్టి అల్లుడు టీషర్టులు కొన్నాడు, నాకు కూడా ఒకటి, మీద లంగరు బొమ్మతో.

దిగేటప్పుడు మమ్మల్ని అందరికంటే ఆఖర్న, సరుకులు దించే దారి గుండా పంపారు. ఆ దారి చదునుగా ఉంది, ఎక్కేటప్పటి వాలు కంటే బాగుంది. ఐసోలేషన్‌లో గడిపిన రెండు రోజులకి 468 డాలర్లు, అది కూడా తర్వాతి క్రూయిజ్‌లో వాడుకునే కూపన్. 1,170లో ఐదింట రెండు వంతులు, లెక్క సరిగ్గానే వేశారు. చేరలేని బాల్కనీ గదికి మాత్రం ఏమీ లేదు. అది అప్‌గ్రేడ్ కదా అని మెయిల్‌లో రాశారు. మళ్లీ రాశాం. ఆరు వారాలకి అదే జవాబు.

వెళ్లాలనుకునే నాలాంటి వాళ్లకి: గది నంబరుతో పాటు 'వీల్‌చైర్ గది, మార్చరాదు' అన్న మాట బుకింగ్ కాగితం మీదే రాయించుకోండి, ఏజెంటు నోటిమాట నమ్మకండి. ఓడ ఎక్కగానే సంచులు విప్పకముందే తలుపు కొలవండి. రేవు దాటాక బేరం కుదరదు. మడిచే స్టూలు పట్టుకెళ్లండి. ప్రోగ్రెసోలో దిగితే బీచ్ మీది పెద్ద హోటళ్లు వదిలేసి వెనక సందులోకి వెళ్లండి.

ఆ మూడు వందల పైచిలుకు మైళ్లూ కారు అద్దాలు దించుకుని, మాస్కులతో ఇంటికొచ్చాం. ఐదు రోజులకి నాకూ పాజిటివ్ వచ్చింది, తేలిగ్గానే పోయింది. మా ఆవిడ దగ్గుతూనే తెనాలిలో వాళ్ల చెల్లెలికి ఫోన్ చేసి క్రూయిజ్ ఎలా ఉందో చెప్తోంది. నేను పక్క గదిలోంచి విన్నాను. "ఏముందే, నీళ్లు. ఆ పచ్చడి మాత్రం అదిరిపోయింది. ఆఖర్న ఇచ్చిన గది కూడా బాగుంది, బాత్రూమ్ మన హాలంత ఉంది."