పది ఉతుకుల తర్వాత కూడా అదే నీలం
ఈ రియాక్టివ్ రంగుల కిట్‌తో నాలుగు నూలు చొక్కాలకు ముడులు వేసి రంగులద్దాను. పది ఉతుకులైనా నీలం నిండుగానే ఉంది. అసలు కీలకం కిట్‌లోని సోడా యాష్ అనే క్షారపు పొడి. అది కలిపిన నీటిలో చొక్కాలను 20 నిమిషాలు నానబెట్టి, గట్టిగా పిండాకే రంగు పోయాలి. నూలు పోగుతో రంగు రసాయనికంగా కలిసిపోయేది ఆ క్షారం వల్లే. తర్వాత ప్లాస్టిక్ కవరులో చుట్టి 24 గంటలు వెచ్చగా ఉంచాను. తొందరపడి ఆరు గంటలకే విప్పిన చొక్కా మాత్రం వెలిసినట్టు వచ్చింది. ఇప్పటికీ బాధగానే ఉంది. కుట్లు ఈ రంగు అంటని పాలిస్టర్ దారంతో వేసినవి కాబట్టి తెల్లగానే మిగిలాయి, అది కిట్ లోపం కాదు. ఎరుపు పక్కనే ఆకుపచ్చ పోస్తే మధ్యలో బురద రంగు తేలుతుంది. పసుపు, నీలం కలిసిన చోట పుట్టిన ఆకుపచ్చ ఎంత అందంగా ఉందో! చేతి తొడుగులు మరీ పలచన, మొదటి చొక్కాకే చిరిగాయి. వేరేవి దగ్గర ఉంచుకోండి.