రేషన్ కార్డుకు ఏడాది ఫ్రీ రీచార్జి అన్నోని మిషన్ మీద వేలు పెట్టకుండ్రి

టెంటు మళ్ల లేచింది. వరంగల్ కాశీబుగ్గ దిక్కు తిరిగేటోళ్లకు చెప్పే పని లేదు. అదే గొడుగు, అదే టేబులు, "తెల్ల రేషన్ కార్డు ఉన్నోళ్లకు ఏడాది ఉచిత రీచార్జి" అని అదే ఫ్లెక్సీ. రిజిస్ట్రేషన్ 199 రూపాయలు. ఉచితానికి ఫీజేందని అడిగితే టెంటుకాడి పోరడు జీఎస్టీ అంటడు. మస్తు చదువుకున్నడు పాపం.

ఆడ వేలిముద్ర పెట్టి ఖాతాల పైసలు పోయిన పెద్దమ్మ తెల్లారి పాస్‌బుక్కు పట్టుకొని అడుగవోతే ఆ పోరడు అన్న మాట ఇది: "వేలు నీదే గదనే! నేనేమన్న కోసుకపోయిన్నా? ఫ్రీ అంటే ఉరికొస్తరు, తెల్లారి లెక్కలడుగుతరు." చుట్టూ నిలబడ్డోళ్లు నవ్విండ్రు. ఖాతాల ఉన్నది పత్తి ఏరిన కూలి, పింఛను. కూసున్నకాడ ఏసీ కింద సంపాదించింది కాదు. అట్ల నవ్విన లైన్లున్నోళ్లే మళ్ల వేలు పెట్టిండ్రు సూడు, అది ఇంకా మండుతాంది.

మిషన్ కాడ జరిగేది ఇది. "వేలు పడతలేదు పెద్దమ్మా, తుడిచి మళ్ల పెట్టు" అంటడు. బీడీలు చుట్టి, పత్తి ఏరి అరిగిన వేళ్లు నిజంగనే ఒక్కసారికి పడవు, అందుకే ఎవలకూ అనుమానం రాదు. కానీ మొదటి ముద్ర పడ్డది. దానితోని సిమ్ము కేవైసీ అయిపోయింది. రెండోది అదే పేరు మీద ఇంకో సిమ్ము, అది ఎవని చేతికి పోతదో దేవునికెరుక. మూడోసారి వాడు తెరిచేది ఏఈపీఎస్ యాపు, అంటే ఆధార్ వేలిముద్రతోని బ్యాంకు ఖాతాల పైసలు తీసేది. ఒక్కో లావాదేవీకి 10,000 దాక తియ్యొచ్చు. దీనికి ఓటీపీ అడగదు, పిన్నూ అడగదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు ఉంటే సాలు. స్క్రీను వాని దిక్కు తిరిగి ఉంటది, మనకు కనవడేది మిషన్ లైటు ఒక్కటే. బ్యాంకు మెసేజి కొడుకు పాత నంబరుకు పోతది, ఆ నంబరు ఎప్పుడో మూసుకపోయింది.

పైసలు పోనోళ్లు కూడ బతికినమనుకోవద్దు. ఆ "ఫ్రీ రీచార్జి" పోర్టు చేస్తే, అంటే నంబరు అదే ఉంచి కంపెనీ మారితే, కొత్త కంపెనీ ఇచ్చే మొదటి నెల ఆఫరే. పోర్టుకు ఇంత అని వానికి కమీషన్. ఇరవై ఎనిమిది రోజులకు ప్యాకు అయిపోతది, వాపస్ పాత కంపెనీకి పోదామంటే 90 రోజుల దాక పోర్టు కాదు. ఏటూరునాగారం అవతల పాత కంపెనీ టవరొక్కటే దిక్కైన ఊళ్లకెళ్లి వచ్చినోళ్లు ఆ మూడు నెలలు ఫోను జేబుల ఏసుకొని తిరుగుడే.

పథకం ఉందా అంటే, తెలంగాణల రేషన్ కార్డు మీద రీచార్జి కట్టే పథకం లేదు. వాళ్లు చూపెట్టే వీడియోలు వేరే జాగలయి. అమెరికాల లైఫ్‌లైన్ అని 1985 కాడికెళ్లి ఉంది, పేద ఇంటికి నెలకు 9.25 డాలర్ల దాక బిల్లు తగ్గిస్తరు. నెలకు 30 డాలర్ల దాక ఇచ్చే ఇంకోటి 2024 జూన్ 1న పైసల్లేక ఆగిపోయింది. కేరళల కేఫోన్ అనే సర్కారు నెట్టు పేదోళ్లకు ఉచిత కనెక్షన్ ఇస్తది, అది కేరళ. మన కాడ టెలికాం కంపెనీలు కట్టే సొమ్ము కేంద్రం నడిపే డిజిటల్ భారత్ నిధికి (పాత పేరు యూఎస్ఓ ఫండు) పోయి టవర్లకు, ఊరి ఫైబరుకు ఖర్చయితది, మన రీచార్జికి రాదు. మన రాష్ట్ర సర్కారు టీ ఫైబర్ 300 రూపాయల నెట్టు అని 2024 డిసెంబరుల మొదలువెట్టిన ఊళ్లల్ల మన పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ ఒకటి. అది కూడ నెలనెలా కట్టేదే, దానికీ టెంటు కింద వేలు పెట్టుడు లేదు.

ఇప్పటికే వేలు పెట్టినోళ్లు ముందుగాల సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి కొట్టుండ్రి. అదే రోజు బ్యాంకుల రాతపూర్వకంగ ఇచ్చి నకలు మీద ముద్ర ఏపిచ్చుకోండ్రి. ఆర్బీఐ 2017 జులై 6 సర్క్యులర్ ప్రకారం మన తప్పు లేకుంట బయటోడు చేసిన మోసాన్ని మూడు పని దినాలల్ల చెప్తే మన మీద భారం పడదు. నాలుగు నుంచి ఏడు దినాలైతే జన్‌ధన్ లాంటి ఖాతాకు మన నష్టం 5,000 దాటొద్దు. "వేలు మీరే పెట్టిండ్రు గదా" అని బ్యాంకాయన కూడ అంటడు, ఆ టెంటోని లెక్కనే. పైసలు తీస్తున్నట్టు చెప్పలేదు, రసీదు ఇయ్యలేదు అని కాగితంల రాయుండ్రి.

సంచార్ సాథీ అనే కేంద్రం సైటుల ఫోన్ నంబరు కొట్టి ఓటీపీ పెడితే మన పేరు మీదున్న సిమ్ములన్నీ వస్తయి, మనది కానిదాని మీద "నాట్ మై నంబర్" నొక్కాలె. మనం అడగకుండ పోర్టు కోడని ఎనిమిది అక్షరాల మెసేజి వస్తే పోర్టు పెట్టిండ్రన్నట్టే. 24 గంటలల్ల ఇంగ్లీషుల క్యాన్సిల్ అని, పక్కన మన నంబరు కొట్టి 1900కు పంపితే ఆగుతది.

ఆధార్ యాపుల బయోమెట్రిక్ లాక్, అంటే వేలిముద్రకు తాళం, పెట్టుండ్రి. కాకపోతే లాక్ ఉంటే రేషన్ షాపుల, పింఛను కాడ కూడ వేలు పడదు, పొయ్యే ముందర తీసుకోవాలె. మై ఆధార్ సైటుల ఆరు నెలల అథెంటికేషన్ హిస్టరీ ఉంటది. ఏ తారీఖున ఎవలు వేలు వాడుకున్నరో అండ్ల వస్తది, ఫిర్యాదుకు అదే జోడించుండ్రి.

మాటలకే ఫోన్ కావాలంటే డేటా లేని ప్యాకులు 2025 జనవరి కాడికెళ్లి ఉన్నయి, ఫోన్ కంపెనీల మీద నిఘా పెట్టే ట్రాయ్ చెప్పి పెట్టిచ్చింది. రీచార్జి యాపుల కిందికి పోయి వెతకాలె, పైన కనవడనియ్యరు.