ట్రాక్టరు మీద పోల్ మిషను: ఏడేళ్లు వాడాక

2017 చివర్లో కొన్నాను. 50 హెచ్‌పీ ట్రాక్టరు వెనక గుంత తీసే ఆగర్, పోలు లేపే బూమ్, రెండూ ఒకే ఫ్రేము మీద ఉండే రకం. అటాచ్‌మెంటుకే మూడు లక్షల పైచిలుకు పడింది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కరెంటు లైన్ల కాంట్రాక్టు పనులు చేస్తుంటాను.

కొనే ముందు లారీ మీద బిగించేవీ చూశాను. వాటి బూమ్ పొడుగు, ఎత్తే బలం ఎక్కువే. కానీ మా పోళ్లలో సగం వరిచేల గట్ల వెంట, జీడితోటల్లో పడతాయి. అక్కడికి లారీ ఎలా వెళ్తుంది? తారురోడ్డు పక్కన 11 మీటర్ల పోళ్లు వేసే పనే ఎక్కువగా ఉంటే మాత్రం లారీదే తీసుకోండి.

అమ్మినతను రోజుకి 60 గుంతలన్నాడు. అబద్ధమని అనలేను. ఎర్ర నేల కాస్త తడి మీదుంటే 5 అడుగుల గుంత మూడు నాలుగు నిమిషాల్లో దిగిపోతుంది. అయితే గుంతతో పని అయిపోదు కదా. లైన్ క్లియర్ (కరెంటు ఆపి పనిచేసుకోమనే అనుమతి) రావాలి, పోళ్లు చేలోకి చేరాలి, రైతు ఒప్పుకోవాలి. (నా గట్టు మీద వద్దు, పక్కవాడి గట్టు మీద పాతుకోండి అనే తగువు ఏ మిషనూ తీర్చలేదు.) మాకు సగటున రోజుకి 20 పోళ్లు నిలబడతాయి. అసలు కలిసొచ్చింది మనుషుల దగ్గర. 8 మీటర్ల సిమెంటు పోలు లేపాలంటే ఇదివరకు కత్తెర బొంగులు, తాళ్లు పట్టుకుని ఐలెస్సా అంటూ ఎనిమిది మంది ఊగాల్సి వచ్చేది. ఇప్పుడు డ్రైవరుతో కలిపి నలుగురు చాలు. వరికోతలప్పుడు ఆ నలుగురు దొరకడమే గొప్ప.

మొదట్లో ఒక తప్పు చేశాను. చవకని 12 అంగుళాల ఆగర్ తీసుకున్నాను. 8 మీటర్ల పోలు అడుగున వెడల్పే దాదాపు అడుగుంటుంది. గుంతలో దిగదు, దిగినా సరిచేయడానికి చోటుండదు. నెల తిరక్కుండా 18 అంగుళాలది కొన్నాను. పాతది ఇప్పటికీ షెడ్డులో ఉంది, ఎవరికైనా కంచె రాళ్లకు కావాలంటే ఇస్తుంటాను.

నేలని బట్టి ఈ మిషను గుణమే మారిపోతుంది. నల్లరేగడిలో మట్టి ఆగర్‌కి ముద్దలా పట్టేస్తుంది. అడుగుకోసారి పైకి లేపి పారతో గీకాలి, వాన పడిందా ఆ రోజుకి సెలవే. రాయి తగిలితే షేర్ బోల్టు తెగుతుంది. తెగాలి కూడా, తను తెగి గేర్‌బాక్సుని కాపాడ్డానికే అది ఉంది. మా పాత డ్రైవరు మాటిమాటికీ మార్చలేక ఓసారి గట్టి బోల్టు వేసేశాడు. మూడో రోజున బోల్టు బాగానే ఉంది, గేర్‌బాక్సులో పళ్లు పోయాయి. పదకొండు రోజులు మిషను పడుకుంది. ఆ నష్టంతో ఎన్ని వందల షేర్ బోల్టులు వచ్చేవో లెక్కేస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. పలకరాయి వస్తే ఇక దీని వల్ల కాదు, రాయి తొలిచే కంప్రెసరు పిలవాల్సిందే.

అసలు పరీక్ష తిత్లీ తుపానప్పుడు వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. కొన్ని రోజులకే మిషను ఉద్దానం తీసుకెళ్లాను. కొబ్బరి చెట్లు దారుల మీద అడ్డంగా పడి ఉన్నాయి, లారీ మిషను తెచ్చినవాళ్లు రోడ్డు మీదే ఆగిపోయారు, మేం తోటల్లోంచి దూరాం. అక్కడ ఇసుక నేల. ఆగర్ పైకి తీయగానే గుంత కూలిపోయేది. మొదటి రోజు ఆరు పోళ్లే నిలబెట్టాం. డీజిలు డ్రమ్ముని నిలువుగా రెండు చెక్కలుగా కోయిద్దామన్నాడు మా హెల్పరు. ఆ రెండింటినీ ఎదురెదురుగా ఇసుకలో దించి, మధ్యలోంచి ఆగర్ వేశాం. పైన పొడి ఇసుకని డ్రమ్ము ఆపింది, కింద తడి ఇసుక దానంతటదే నిలిచింది. పోలు దించాక ఒక్కో చెక్కా లాగేసేవాళ్లం. ఆ చెక్కలు ఇప్పటికీ ట్రాలీలోనే ఉంటాయి.

లేపడంలో రెండు జాగ్రత్తలు. పోలుని నడిమికి కాస్త పైన కట్టాలి, వెడల్పు ముఖం నిలువుగా, సన్న అంచు నేల వైపుకి ఉండేలా ఎత్తాలి. వెడల్పు ముఖం నేల వైపుకి పెట్టి ఎత్తితే సిమెంటు పోలు బీటలిస్తుంది. బరువంతా వెనక పడి ట్రాక్టరు ముందు చక్రాలు లేస్తాయి, అందుకని ముందర అదనపు బరువులు బిగించాం. వరిమడిలో జాకీలు దిగబడకుండా కింద తాటి దూలం ముక్కలు వేస్తాం.

ఇంకో సంగతి. బూమ్ మొత్తం ఇనుము. ఒకచోట మేం పనిచేసే ఫీడరుకి (సబ్‌స్టేషను నుంచి వచ్చే లైనుకి) లైన్ క్లియర్ ఉంది, దాన్ని అడ్డంగా దాటే 11 కేవీ లైను మాత్రం వేరే ఫీడరుది. ఆ మాట ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. పోలు కొస ఆ తీగకి మూరెడు దూరంలో ఉండగా లైన్‌మన్ కేకేశాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచీ పైనున్న ప్రతి తీగకీ సప్లయి లేదని చూసి, తీగల్ని భూమికి కలిపే ఎర్త్ రాడ్లు తగిలించాకే బూమ్ లేపుతాం. డ్రైవరు గొణుక్కున్నా సరే.

మట్టి కూరడం మాత్రం ఇప్పటికీ చేతి పనే. రాళ్లేసి అడుగడుగుకీ దిమ్మిస కొట్టకపోతే తొలి వానకే పోలు వాలుతుంది. ఖర్చంటారా, ఏటా ఆగర్ పళ్లు, ఒకటో రెండో హైడ్రాలిక్ పైపులు, సీల్ కిట్టు. పెద్ద రిపేరు ఆ గేర్‌బాక్సు ఒక్కటే.

నాతో పాటే ఇదే రకం కొన్న ఒకతను ఇప్పుడు అమ్మేస్తానంటున్నాడు. రెండోది నేనే తీసుకుందామని బేరమాడుతున్నాను. రంగు కొత్తగా వేయించి పెట్టాడు. నా ముందు గేర్‌బాక్సు విప్పితేనే అడ్వాన్సు అన్నాను.