ట్రిపుల్ ఏ కార్డుతో డిస్నీ క్యాంప్‌గ్రౌండ్: ఎక్కడ కలిసొచ్చింది, ఎక్కడ కలిసిరాలేదు

అమెరికాలో కారు కొన్న కొన్నాళ్లకే ఎవరో ఒకరు చెప్పి మనచేత ట్రిపుల్ ఏ (AAA, అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్) సభ్యత్వం తీయిస్తారు. బండి హైవే మీద ఆగిపోతే ఫోన్ చేయడానికి ఒక నంబరు ఉంటుందన్న ధైర్యం కోసం తీసుకుంటాం. 1902లో చికాగోలో కొన్ని మోటారు క్లబ్బులు కలిసి పెట్టుకున్న ఈ సంఘం ఇప్పటికీ ఒకే కంపెనీ కాదు, ప్రాంతీయ క్లబ్బుల సమాఖ్య. అందుకే జార్జియాలో ఉండే మాకూ, న్యూజెర్సీలో ఉండే మా ఆడపడుచు వాళ్లకూ కార్డు మీద గుర్తు ఒకటే అయినా ఫీజు, సౌకర్యాలు, వాళ్లు అమ్మే పార్కు టికెట్ల ధరలు ఒకటి కావు. హోటల్ బుక్ చేసేటప్పుడు ట్రిపుల్ ఏ సభ్యులకిచ్చే తగ్గింపు ధర నొక్కడం మనవాళ్లలో చాలామందికి అలవాటే. థీమ్ పార్కు క్యాంప్‌గ్రౌండ్‌లో దాన్ని వాడినవాళ్లు మాత్రం మాకు తెలిసినవాళ్లలో పెద్దగా లేరు. అత్తయ్యగారు, మామయ్యగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఆర్లాండో వెళ్లాం. అక్కడా, అంతకుముందు వెళ్లిన కారోవిండ్స్, హెర్షీ పార్కుల్లోనూ ఈ కార్డు ఎంతవరకు పనికొచ్చిందో రాస్తున్నాను.

ఆర్లాండోలో మేం దిగింది డిస్నీ వాళ్ల ఫోర్ట్ వైల్డర్‌నెస్‌లో. వాల్ట్ డిస్నీ వరల్డ్ 1971 అక్టోబరు 1న మొదలైతే, ఈ క్యాంప్‌గ్రౌండ్ అదే ఏడాది నవంబరు 19న తెరిచారు. బే లేక్ ఒడ్డున దాదాపు 750 ఎకరాల పైన్ అడవి. లోపల రోడ్లు వంకీలు తిరుగుతూ లూపులుగా ఉంటాయి, ఒక్కో లూపుకు 100, 200 అంటూ 2800 దాకా నంబర్లు. ఏ లూపులో ఉన్నామన్నదే ట్రిప్పు ఎలా సాగుతుందో తేలుస్తుంది కాబట్టి దాని గురించి కాస్త వివరంగానే చెప్తాను.

టెంటో ట్రెయిలరో వేసుకునే సైట్లలో రకాలున్నాయి. టెంట్, పాపప్ (మడతపెట్టే) ట్రెయిలర్ల సైటులో నీళ్లు, కరెంటు ఇస్తారు, మురుగునీటి కనెక్షన్ ఉండదు. ఫుల్ హుక్-అప్‌లో అదీ ఉంటుంది. ప్రిఫర్డ్ అంటే పడవల రేవు దగ్గరి లూపులు. ప్రీమియం అంటే పెద్ద ఆర్వీలు (లోపలే ఉండటానికి వీలున్న ఇల్లులాంటి బండ్లు) పట్టే వెడల్పాటి సైట్లు. ఏ రకమైనా సైటుకు పదిమంది దాకా ఉండొచ్చు, బల్లా, గ్రిల్లూ ఉంటాయి. సీజన్‌ని బట్టి రాత్రికి వంద డాలర్ల దగ్గర మొదలై రెండు వందలు దాటిపోతుంది. మామూలు క్యాంప్‌గ్రౌండ్‌తో పోలిస్తే చాలా ఎక్కువ. కానీ డిస్నీ ఆవరణలో ఒక గదికి అయ్యే ఖర్చుతో పోలిస్తే, రెండు కుటుంబాలు కలిసి వెళ్తే, అంత ఎక్కువ అనిపించదు. క్యాబిన్లు కూడా ఉన్నాయి. 2024 జులై నుంచి పాతవాటి స్థానంలో వంటగది ఉన్న కొత్త క్యాబిన్లు వచ్చాయి. ఒక్కోదాంట్లో ఆరుగురు పడతారు. చాలా బాగున్నాయి, కానీ వాటి ధర వేరే లోకం.

ఇక సభ్యుల ధర సంగతి. డిస్నీ రిసార్టుల్లో ట్రిపుల్ ఏ సభ్యులకు తగ్గింపు ఉంటుందన్న మాట నిజమే. కానీ అది అన్ని తేదీలకూ, అన్ని రకాల వసతులకూ ఒకేలా ఉండదు. డిస్నీ అందరికోసం ప్రకటించే రూమ్ ఆఫర్ల కింద చిన్న అక్షరాల్లో క్యాంప్‌సైట్లకు వర్తించదని చాలాసార్లు రాసి ఉంటుంది. అందుకని "సభ్యులకు ఇంత శాతం" అన్న పెద్ద అక్షరాలు చూసి ఉత్సాహపడకుండా, మన తేదీలకు, మనం అనుకున్న రకం సైటుకు ధర ఉందా అని విడిగా అడగాలి. మేం డిస్నీ బుకింగ్ వెబ్‌సైట్‌లో మామూలు ధర చూసి రాసుకుని, తర్వాత క్లబ్ ట్రావెల్ ఆఫీసుకి ఫోన్ చేశాం. కొన్ని రాత్రులకు సభ్యుల ధర దొరికింది, కొన్నిటికి లేదు. ఫోన్ ఎత్తినావిడ ఓపిగ్గా ఒక్కో రాత్రి విడివిడిగా చూసి చెప్పింది. వెబ్‌సైట్‌లో అయితే మొత్తం బసకి ఒకేసారి వెతుకుతాం కదా, మధ్యలో ఒక్క రాత్రికి ఆ ధర లేకపోయినా మొత్తానికే లేదన్నట్టు కనిపించే అవకాశం ఉంటుంది. ఫోన్ చేయడం వల్ల కలిసొచ్చేది ఇదే.

ఇంకో రెండు విషయాలు బుక్ చేసే ముందే తెలియాలి. సభ్యుల ధరతో తీసుకుంటే చెక్-ఇన్ దగ్గర కార్డు చూపించమంటారు, కార్డు మీద పేరున్న మనిషి అక్కడ ఉండాలి. మన ఇళ్లలో అమ్మానాన్నలకు పిల్లలు బుక్ చేసి పంపడం, లేదా దింపేసి ఆఫీసుకి వెనక్కి రావడం మామూలే. అలాంటప్పుడు ఈ ధర పనికిరాదు. కుటుంబసభ్యుణ్ని తక్కువ ఫీజుతో అసోసియేట్ సభ్యుడిగా చేర్చుకునే వీలుంది, అవసరమైతే ముందే చేర్చుకోండి. రెండోది, క్లబ్ ద్వారా టికెట్లూ బసా కలిపి ప్యాకేజీగా తీసుకుంటే రద్దు చేసుకునే గడువు మారిపోతుంది. సైటు ఒక్కటే అయితే వచ్చే ముందు కొద్ది రోజుల వరకు వెసులుబాటు ఉంటుంది, ప్యాకేజీ అయితే నెల ముందే తేల్చుకోవాలి. పెద్దవాళ్లతో ప్రయాణమంటే ఏ రోజు ఎవరికి జ్వరం వస్తుందో తెలియదు. మేం సైటు విడిగా, టికెట్లు విడిగా తీసుకున్నాం.

తగ్గింపు మీద మోజుతో ఖరీదైన రకానికి వెళ్లిపోవడం చాలా తేలిక. అందుకే ఒక చిన్న లెక్క. ఇవి లెక్క కోసం వేసిన అంకెలే. టెంట్ సైటు రాత్రికి 130 డాలర్లు, ప్రీమియం 210 అనుకుందాం. ప్రీమియం మీద పది శాతం తగ్గితే 189. ఆరెంజ్ కౌంటీలో అమ్మకం పన్ను, టూరిస్టు పన్ను కలిపి 12.5 శాతం. పన్నుతో టెంట్ సైటు సుమారు 146, తగ్గించిన ప్రీమియం సుమారు 213. తగ్గింపు వచ్చాక కూడా రాత్రికి 66 డాలర్ల పైనే ఎక్కువ పెడుతున్నాం. ప్రీమియం నిజంగా కావాలంటే సరే, తగ్గింది కదా అని మాత్రం తీసుకోకూడదు. తేదీలు మార్చుకోవడం కూడా ఇలాగే. థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ సెలవుల్లో సభ్యుల ధరతో తీసుకున్న సైటు కన్నా, జనవరి చివర్లో మామూలు వారపు రోజుల్లో పూర్తి ధర పెట్టిన సైటే చవగ్గా పడుతుంది. స్కూలుకెళ్లే పిల్లలున్నవాళ్లకు ఆ వీలుండదు, అది అర్థమయ్యేదే.

మామయ్యగారికి మోకాళ్ల నొప్పులు. నేలమీద పరుపులో పడుకుని లేవడం ఆయన వల్ల కాదు. అందుకని టెంట్ మాట పక్కనపెట్టి, సైటుకే తెచ్చి నిలబెట్టే ట్రెయిలర్ అద్దెకి తీసుకున్నాం. ఆర్లాండో చుట్టుపక్కల ఇలా తెచ్చిపెట్టే వ్యాపారాలు చాలా ఉన్నాయి. దానికోసం ఫుల్ హుక్-అప్ సైటు తీసుకోవాల్సి వచ్చింది. సైటు మీద వచ్చే తగ్గింపు ఈ ట్రెయిలర్ అద్దెకు వర్తించదు, అద్దె సైటు ధరతో సమానంగా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే అవుతుంది. మాకు ఇచ్చినవాళ్లు మధ్యాహ్నానికి తెస్తామని చెప్పి చీకటి పడ్డాక తెచ్చారు. పెద్దవాళ్లిద్దరూ అంతసేపూ బల్ల దగ్గర కూర్చోవాల్సి రావడం నాకు చాలా బాధనిపించింది. బుక్ చేసేటప్పుడే ఎన్నింటికల్లా నిలబెడతారో రాతలో తీసుకోవాలి, ఆలస్యమైతే డబ్బు వెనక్కి ఇస్తారేమో అడగాలి.

ఆ సాయంత్రం మమ్మల్ని కాపాడింది కంఫర్ట్ స్టేషన్. లూపుల్లో ఏసీ ఉన్న బాత్రూములు, షవర్లు, బట్టలుతికే యంత్రాలు ఉంటాయి. డిస్నీ వాళ్ల శుభ్రత గురించి విన్నదే కానీ, క్యాంప్‌గ్రౌండ్ బాత్రూము ఇంత శుభ్రంగా ఉంచగలరని నేననుకోలేదు. అత్తయ్యగారు మొదటి రోజు అనుమానంగా వెళ్లి, వచ్చి, "ట్రెయిలర్‌లో ఇరుకు స్నానం ఎందుకమ్మా, అక్కడే హాయిగా ఉంది" అన్నారు. సైటు అడిగేటప్పుడు కంఫర్ట్ స్టేషన్‌కి దగ్గర్లో కావాలని నోట్ పెట్టించండి. హామీ ఇవ్వరు గానీ వీలైతే ఇస్తారు. అర్ధరాత్రి మోకాళ్ల నొప్పుల మనిషి నడవాల్సిన దూరం అది.

క్యాంప్‌గ్రౌండ్‌లో ఉండటం వల్ల అసలు డబ్బు మిగిలేది వంట దగ్గర. పార్కులో నలుగురైదుగురు భోంచేస్తే ఎంతవుతుందో వెళ్లినవాళ్లకు తెలుసు, పైగా శాకాహారం తినేవాళ్లకు ఎంచుకోవడానికి అక్కడ ఉండేదీ తక్కువే. మేం ఇంటి నుంచి పెసరట్టు పిండి ఐస్ పెట్టెలో పెట్టుకుని వెళ్లాం. పొద్దున సైటులోనే పెసరట్లు, పార్కుకి డబ్బాల్లో పులిహోర, పెరుగన్నం. డిస్నీ పార్కుల్లోకి సొంత తిండి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలు మాత్రం వద్దంటారు. రోజూ ఇలా మిగిలిన డబ్బుతో పోలిస్తే సభ్యుల ధర వల్ల మిగిలింది చిన్నదే. లోపల ఉన్న రెండు ట్రేడింగ్ పోస్టుల్లో పాలు, బ్రెడ్డు లాంటివి దొరుకుతాయి గానీ ధరలు మండిపోతాయి. కూరగాయలూ, పాలూ దారిలోనే కొనుక్కుని లోపలికి రావడం మేలు.

రాకపోకల గురించి కచ్చితంగా ఆలోచించుకోవాలి. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి సెటిల్‌మెంట్ రేవు నుంచి పడవలో వెళ్లొచ్చు, అది నిజంగా ఆనందం. కానీ మిగతా పార్కుల బస్సులు ముందువైపున్న ఔట్‌పోస్ట్ అనే బస్సు స్టాపు నుంచి బయలుదేరతాయి. అంటే లోపలి లూపులో ఉన్నవాళ్లు ముందు లోపలి బస్సెక్కి ఔట్‌పోస్ట్ చేరి, అక్కడ రెండో బస్సెక్కాలి. యానిమల్ కింగ్‌డమ్ లాంటి దూరపు పార్కుకి ఇలా వెళ్తే గంటకు పైగా పట్టొచ్చు. రిసార్టులో దిగినవాళ్లకు పార్కుల దగ్గర మామూలు పార్కింగ్ ఉచితం, అందుకని మేం మ్యాజిక్ కింగ్‌డమ్‌కి పడవ, మిగతావాటికి సొంత కారు పెట్టుకున్నాం. పెద్దవాళ్లుంటే ఇదే పద్ధతి చెప్తాను. లోపల తిరగడానికి గోల్ఫ్ కార్ట్ అద్దెకిస్తారు, మామయ్యగారికి దాంతో ప్రాణం లేచొచ్చింది. చవక కాదు, పైగా ముందే ఫోన్ చేసి రిజర్వ్ చేసుకోకపోతే సీజన్లో దొరకవు. రిసార్టు అతిథులకు పార్కులు అరగంట ముందే తెరుస్తారు, క్యాంప్‌సైటులో ఉన్నా మీరు అతిథులే. వయసైనవాళ్లను ఎండ ముదరకముందే తిప్పి, మధ్యాహ్నం తీసుకొచ్చి పడుకోబెట్టాం.

సాయంత్రాలకు టికెట్ అక్కర్లేదు. చిప్ అండ్ డేల్‌ (డిస్నీ ఉడుత పాత్రలు)తో మంట చుట్టూ పాటలు, ట్రై-సర్కిల్-డి రాంచ్‌లో గుర్రాలు, సరస్సు మీద 1971 నుంచీ సాగుతున్న దీపాల పడవల ఊరేగింపు, ఒడ్డు మీద నుంచే కనిపించే మ్యాజిక్ కింగ్‌డమ్ బాణసంచా. మా పిల్లలు పార్కుల కన్నా వీటి గురించే ఎక్కువ చెప్పారు. సరస్సులో మాత్రం ఈత నిషిద్ధం, మొసళ్లుంటాయి. పిల్లలకు ఈత కొలను వేరే ఉంది.

కారోవిండ్స్‌కి అంతకుముందు వెళ్లాం. 1973లో తెరిచిన ఈ పార్కు ఉత్తర, దక్షిణ కరోలినాల సరిహద్దు గీత మీదే ఉంది. పిల్లలు ఒక కాలు ఇక్కడా ఒక కాలు అక్కడా పెట్టి ఫొటోలు దిగారు. పక్కనే ఉన్న క్యాంప్ వైల్డర్‌నెస్‌లో ఆర్వీ సైట్లు, క్యాబిన్లు ఉన్నాయి. అట్లాంటా నుంచి నాలుగు గంటల లోపే, వారాంతానికి సరిపోతుంది. రోలర్ కోస్టర్లు ఇష్టపడే టీనేజి పిల్లలున్న ఇంటికి ఇది డిస్నీ కన్నా మంచిది. పెద్దవాళ్లకు చూడటానికి ఏమీ లేదు. సభ్యత్వం మాకు అక్కడ పార్కు టికెట్ల దగ్గరే పనికొచ్చింది, బస దగ్గర కాదు.

పెన్సిల్వేనియాలోని హెర్షీకి మా ఆడపడుచు వాళ్లతో కలిసి వెళ్లాం. మిల్టన్ హెర్షీ తన చాక్లెట్ ఫ్యాక్టరీ కార్మికుల కోసం 1906లో మొదలుపెట్టిన పార్కు అది. వాళ్ల క్యాంపింగ్ రిసార్టులో టెంట్, ఆర్వీ సైట్లతో పాటు క్యాబిన్లూ ఉన్నాయి. కానీ పార్కుకి నడిచి వెళ్లే దూరం కాదు. బస, టికెట్లు రెండూ మా ఆడపడుచు భర్త కార్డు మీదే తీసుకున్నాం, ఎందుకంటే వాళ్ల ప్రాంతపు క్లబ్‌లో ఆ పార్కు టికెట్ల ధర మాకన్నా తక్కువ. ఇద్దరు ముగ్గురు బంధువులు కలిసి వెళ్లేటప్పుడు ఎవరి క్లబ్ ఆ ఊరికి దగ్గరో చూసి వాళ్ల చేత కొనిపించడం మంచిది. చాక్లెట్ వరల్డ్‌లో తయారీ చూపించే రైడ్ ఉచితం, పెద్దవాళ్లకు అదే బాగా నచ్చుతుంది. మూడు తరాల వాళ్లతో, ఖర్చు అదుపులో పెట్టుకుని వెళ్లాలంటే నేను ముందు హెర్షీనే చెప్తాను. జీవితంలో ఒక్కసారి అత్తమామలకు చూపించాలంటే ఫోర్ట్ వైల్డర్‌నెస్.

ఆర్లాండో నుంచి తిరిగొచ్చేటప్పుడు ఐ-75 మీద వాల్డోస్టా దాటాక ఒక రెస్ట్ ఏరియాలో ఆగితే కారు మళ్లీ స్టార్ట్ కాలేదు. బ్యాటరీ. పెద్దవాళ్లు, పిల్లలు, ఎండ, నాకు టెన్షన్. క్లబ్‌కి ఫోన్ చేస్తే గంట లోపే మనిషి వచ్చి, పరీక్షించి, అక్కడికక్కడే కొత్త బ్యాటరీ వేశాడు. మేం కట్టింది బ్యాటరీ ధర మాత్రమే. ఏడాది ఫీజుకి విలువ నాకు కనిపించింది ఆ రోజే. సొంత ట్రెయిలర్ లాక్కెళ్లేవాళ్లు మాత్రం ఒకటి చూసుకోవాలి: మామూలు సభ్యత్వాలు చాలావరకు కారుకే, ఆర్వీకీ ట్రెయిలర్‌కీ విడిగా అదనపు కవరేజీ కొనాలి. క్లాసిక్ అనే మొదటి స్థాయి సభ్యత్వంలో ఆగిపోయిన బండిని క్లబ్ లాక్కెళ్లే దూరం కొద్ది మైళ్లే, దాని పైస్థాయి ప్లస్‌లో చాలా క్లబ్బుల్లో 100 మైళ్లు. అట్లాంటా నుంచి ఆర్లాండో 440 మైళ్లు. బయలుదేరే ముందు ఫోన్ చేసి మీ కార్డు ఏ స్థాయిదో, ట్రెయిలర్ అందులో ఉందో లేదో అడిగి తెలుసుకోండి. కొన్ని క్లబ్బుల్లో స్థాయి పెంచుకున్నాక కొత్త సౌకర్యాలు అమల్లోకి రావడానికి కొన్ని రోజులు పడుతుంది, అందుకని ఆ ఫోన్ ప్రయాణానికి వారం ముందే చేయాలి.