కాలేజీ స్టేజీకి ఏది మేలు: ‘సిల్వర్ స్ప్రింగ్సా’, ‘థర్టీనా’?

అందరికీ తెలిసిన ఇంగ్లిష్ పాట ఎత్తుకుంటే జనం మీ గొంతును అసలు గొంతుతో పోల్చి మార్కులేస్తారు. పెద్దగా చెవిన పడని మంచి పాటైతే ఆ బాధ ఉండదు. నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీలోనైనా, పాలమూరు యూనివర్సిటీలోనైనా ఫ్రెషర్స్ డేకి పనికొచ్చేవి సాఫ్ట్ రాక్‌లో రెండున్నాయి: ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బ్యాండ్ ‘సిల్వర్ స్ప్రింగ్స్’, బిగ్ స్టార్ బ్యాండ్ ‘థర్టీన్’.

వచ్చిన రోజుల్లో రెండూ హిట్ కాలేదు, పాటల్లో లోపముండి కాదు. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ గాయని స్టీవీ నిక్స్ రాసిన సిల్వర్ స్ప్రింగ్స్ 1977 నాటి ‘రూమర్స్’ ఆల్బమ్‌లో ఉండాల్సింది. ఎల్పీ రికార్డు ఒక వైపు సుమారు 22 నిమిషాలు దాటితే గాడులు ఇరుకై శబ్దం తగ్గుతుంది, బేస్ పలచబడుతుంది. నిడివి ఎక్కువని ఈ పాట తీసి, ఆమెదే ఇంకో చిన్న పాట పెట్టారు. ఇదేమో ‘గో యువర్ ఓన్ వే’ సింగిల్‌కు (విడిగా అమ్మే చిన్న రికార్డుకు) వెనక వైపు చేరింది. రేడియోవాళ్లు తిప్పేది ముందు వైపే కదా! 1997లో ‘ది డ్యాన్స్’ కచేరీ రికార్డింగ్ వచ్చాక గానీ దాని సత్తా లోకానికి తెలియలేదు. థర్టీన్ ఉన్న బిగ్ స్టార్ ఆల్బమ్ 1972లో వచ్చింది. విమర్శకులు మెచ్చుకున్నారు గానీ, పంపిణీ దెబ్బతిని రికార్డులు షాపులకే సరిగ్గా చేరలేదు.

సిల్వర్ స్ప్రింగ్స్‌కు కీబోర్డు, బేస్ గిటార్, డ్రమ్స్, గిటార్ కావాలి, గట్టి గొంతున్న అమ్మాయి కావాలి. మెల్లగా మొదలై చివర్లో అరుపు దాకా పోతుంది. ఎక్కువమంది ఇక్కడే బోర్లా పడతారు: పల్లవికి హాయిగా ఉన్న శ్రుతి పెట్టుకుంటారు, చివరికొచ్చేసరికి గొంతు చీలుతుంది. ముందు చివరి భాగం పాడి చూసి, దాన్నిబట్టే శ్రుతి దించండి. కీబోర్డుకు శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటనుంది, గిటార్‌కైతే తీగలు వదులు చేయాలి; మెడకు బిగించే కేపో శ్రుతిని పెంచుతుందే గానీ దించదు. డ్రమ్మర్ మొదటి చరణంలో రిమ్ (డ్రమ్ము అంచు) మీద కర్ర తాకించడంతో ఆగాలి. అప్పుడే బాదితే తర్వాత పెంచడానికి ఏమీ మిగలదు.

థర్టీన్‌కు రెండు అకూస్టిక్ గిటార్లు, రెండు గొంతులు చాలు. మూడు నిమిషాల్లోపే అయిపోతుంది, డ్రమ్స్ లేవు. చిక్కంతా సౌండులోనే. టెంటు హౌజ్ బాక్సులను డీజే పాటలకని బేస్ పెంచి ఉంచుతారు. వాటిలో పికప్ (తీగల శబ్దాన్ని వైరుకు పంపే పరికరం) ఉన్న గిటార్ పెట్టగానే ఊఁ అని కూత వస్తుంది. మిక్సర్‌లో ఆ చానల్‌కు 100 హెర్ట్జ్ దగ్గర లో-కట్ (అంతకన్నా కింది శబ్దాన్ని కోసేది) వేయించండి, 200 చుట్టుపక్కల కాస్త తగ్గించండి, గిటార్ రంధ్రానికి రబ్బరు మూత పెట్టండి. పాడేవాళ్లకు వినిపించే మానిటర్ బాక్సు మైకు వీపు వైపే ఉండాలి.

మన ఎండలకు తీగలు సాగి శ్రుతి దిగుతుంది. స్టేజీ లైట్ల కింద గిటార్‌ను పది నిమిషాలు ఉంచాకే ట్యూన్ చేయండి. మధ్యాహ్నం కారు డిక్కీలో వదిలేస్తే బ్రిడ్జి కింద జిగురు మెత్తబడి లేచిపోతుంది.

గ్రౌండులో అయితే సిల్వర్ స్ప్రింగ్సే, ఇందులో రెండో మాట లేదు. డ్రమ్స్ లేని పాట జనం గోలలో మొదటి చరణానికే మునిగిపోతుంది. తలుపులు మూసే సెమినార్ హాలైతే మాత్రం థర్టీన్ ముందు ఇంకోటి నిలవదు. గ్రౌండులోనూ థర్టీనే పాడతామని దానికి కీబోర్డు రిథమ్ తగిలిస్తే, వేళ్లతో మీటే ఆ సన్నని గిటార్ నడక ఎవరికీ వినపడదు.