జనగణనలో సున్నితమైన ప్రశ్న: తప్పనిసరా, ఐచ్ఛికమా?

మతం, పౌరసత్వం, లైంగిక ధోరణి వంటి విషయాలను జనగణనలో అడగదలచినప్పుడు జవాబును చట్టరీత్యా తప్పనిసరి చేయాలా, ఇష్టానికి వదిలేయాలా అన్నది ముందే తేల్చుకోవాలి. తప్పనిసరి చేస్తే ఖాళీలు తగ్గవచ్చు. కానీ భయపడినవారు ఆ ఒక్క గడినే కాక మొత్తం పత్రాన్నే పక్కన పెట్టేస్తే, ఆ కుటుంబమే లెక్కలోంచి జారిపోయే ప్రమాదం ఉంది. 2020 జనగణనలో పౌరసత్వ ప్రశ్న చేర్చాలని అమెరికా ప్రభుత్వం తలపెట్టినప్పుడు, పౌరులు కానివారున్న ఇళ్ల నుంచి స్పందన తగ్గుతుందని అక్కడి జనగణన సంస్థ నిపుణులే హెచ్చరించారు. 2019లో సుప్రీంకోర్టు అడ్డుకోవడంతో అది చేరలేదు.

ఐచ్ఛికమైతే నష్టం చాలావరకు ఆ గడికే పరిమితమవుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021లో లైంగిక ధోరణి గురించి 16 ఏళ్లు, ఆపైబడినవారిని అడిగితే 92.5 శాతం మంది జవాబిచ్చారు. మతం ప్రశ్నకు 94 శాతం మంది స్పందించారు. ఇంట్లో ఒకరే అందరి వివరాలూ నింపే పద్ధతిలో, తక్కినవారికి తెలియకుండా విడిగా జవాబిచ్చే వీలు కల్పించడం అక్కడి మంచి ఏర్పాటు (చర్చల్లో దీన్ని పట్టించుకునేవారు తక్కువ). జనాభా సంఖ్యే ప్రాతినిధ్యాన్ని నిర్ణయించే చోట ఐచ్ఛిక పద్ధతే మేలనిపిస్తుంది. అయితే గడి వదిలేసినవారూ జవాబిచ్చినవారూ ఒకే తీరువారని అనుకోలేం కనుక, చిన్న సమూహాల అంకెలను ఆచితూచి వాడాలి.