బయటి దేశాల క్రీములు, సబ్బులు: పాలమూరు ఎండకు, నల్లగొండ బోరు నీళ్లకు ఏవి పనికొస్తాయి?

షంషాబాద్‌లో దిగే పెట్టెల్లో చాక్లెట్లు, ఖర్జూరాల పక్కన ఇప్పుడు క్రీములు, సబ్బులు కూడా ఉంటున్నాయి. దుబాయ్ నుంచి వచ్చే చిన్నమ్మ, అమెరికాలో చదివే పిల్ల, బ్యాంకాక్ టూరుకు పోయొచ్చినవాళ్లు, ఎవరొచ్చినా మొహానికి రాసుకునేది ఏదో ఒకటి తెస్తారు. తెచ్చేవాళ్లు చూడాల్సినవి మూడు: మన దగ్గర 43, 44 డిగ్రీల ఎండకు ఆగుతుందా, మన నీళ్లతో కలుస్తుందా, ఇక్కడి మెడికల్ షాపులో దొరకనిదేనా. బయోడెర్మా, సెటాఫిల్, సెరావీ లాంటివి ఇక్కడే దొరుకుతున్నాయి. వాటికోసం సముద్రం అవతలి నుంచి లీటర్ల బరువు మోయడం దండగ.

మొదటి మార్కు కొరియా, జపాన్ సన్‌స్క్రీన్లకే. కొరియా బ్రాండ్లతో పాటు జపాన్ బియోరే ఆక్వా రిచ్ లాంటివి నీళ్లలా పలుచగా ఉండి, చామనఛాయ మీద బూడిద రాసినట్టు తెల్లగా తేలవు. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ మీదే నడిచే సన్‌స్క్రీన్లు మన రంగు మీద తేలిపోతాయి. అమెరికా నుంచి తెచ్చేవాటిలో 'మినరల్' అని రాసినవి ఎక్కువగా ఇలాంటివే, కొనేముందు చేతి మీద రాసి చూడాలి. ఎస్‌పీఎఫ్ 50+ అనేది చర్మం కమలకుండా కాపాడే లెక్క. పక్కన ఉండే పీఏ++++ అనేది నలుపెక్కించి మంగు మచ్చలను ముదిరించే యూవీఏ కిరణాల లెక్క, ఇది జపాన్‌లో పుట్టిన గుర్తు. అమెరికా డబ్బాల మీద పీఏ కనపడదు, 'బ్రాడ్ స్పెక్ట్రమ్' అన్న మాట వెతకాలి.

ఎంత రాయాలన్న దగ్గరే చాలామందికి లెక్క తప్పుతుంది. చూపుడు వేలు, నడిమి వేలు పొడవునా రెండు గీతలు పిండితే దాదాపు ఒక గ్రాము. మొహానికి, మెడకు కలిపి కనీసం అంత పడాలి. అంటే 50 మిల్లీలీటర్ల ట్యూబు రోజుకు ఒక్కసారి రాస్తేనే నెలా ఇరవై రోజులు. బఠాణీ గింజంత రాసి ఆరు నెలలు నడిపిస్తే డబ్బా మీద రాసిన 50 మొహానికి అందదు. పొలం దగ్గరో బండి మీదో ఎండలో తిరిగేవాళ్లు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. స్కూటీ డిక్కీలో మాత్రం పెట్టొద్దు. ఆ వేడికి నూనె, నీరు విడిపోతాయి. పిండగానే ముందు నీళ్లలాంటిది కారితే ఆ ట్యూబు పని అయిపోయినట్టే.

తేదీ చదవడం కూడా తెలియాలి. కొరియా పెట్టె మీద ముందు ఏడాది, తర్వాత నెల, ఆ తర్వాత రోజు ఉంటాయి. కొన్నింటి మీద తయారైన తేదీ ఒక్కటే ఉంటుంది, దాన్ని గడువు అనుకుని మంచి క్రీమును పారేసేవాళ్లున్నారు. జపాన్‌లో మూత తీయకుండా మూడేళ్లకు పైగా నిలిచే సరుకు మీద గడువు వేయాలన్న నియమమే లేదు, తేదీ లేదని నకిలీ అనుకోనక్కర్లేదు. మూత తెరిచిన డబ్బా బొమ్మలో '12ఎం' అని ఉంటే తెరిచాక పన్నెండు నెలలు వాడొచ్చని అర్థం.

సబ్బుల్లో సిరియా అలెప్పో సబ్బు తెచ్చుకోదగ్గది. ఆలివ్ నూనెను క్షారంతో కాచి, లారెల్ అనే చెట్టు కాయల నూనె కలిపి, ముక్కలు కోసి నెలల తరబడి ఆరబెడతారు. పైన గోధుమరంగు, కోస్తే లోపల ఆకుపచ్చ, అదే అసలు సబ్బు గుర్తు. లారెల్ శాతం పెరిగేకొద్దీ వాసన ఘాటు, ధర కూడా పెరుగుతుంది. సున్నితమైన చర్మానికి తక్కువ శాతమే మేలు. గట్టి దిమ్మె కాబట్టి ఎండకు కరగదు, బ్యాగులో కారదు, కత్తితో కోస్తే ముగ్గురికి పంచొచ్చు.

ఇబ్బంది మన నీళ్లతోనే. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ, సబ్బుకు అడ్డం పడేవి బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. అవి సబ్బుతో కలిసి నీళ్లలో కరగని తెల్ల జిడ్డుగా మారతాయి. నురగ రాదు, ఒంటి మీద పొరలా మిగులుతుంది, తలకు రుద్దితే వెంట్రుకలు అట్టకడతాయి. అందుకే ఇలాంటి సబ్బులు ఒంటికే, తలకు వద్దు. చివరి రెండు మగ్గులు భగీరథ నల్లా నీళ్లయితే ఆ పొర చాలావరకు పోతుంది. కింద చిల్లులున్న సబ్బు పెట్టె కూడా కావాలి, ఆలివ్ సబ్బు తడిలో ఉంటే బంకబంకగా అయిపోతుంది. ఫ్రాన్స్ మార్సెయ్ సబ్బుకూ ఇదే వర్తిస్తుంది. ఆ పేరుతో ఎవరైనా అమ్మవచ్చు కాబట్టి నూనె శాతం చెప్పే 72% ముద్ర ఒక్కటే చూసి కొనొద్దు, పదార్థాల వరుసలో సువాసన, రంగు లేవని చూసుకోవాలి.

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు మొరాకో నల్ల సబ్బు, గరుకు చేతి తొడుగు జతగా తెస్తే చాలా బాగుంటుంది. మెత్తటి జిగురులా ఉండే ఆ సబ్బును వేడినీళ్లు పోసుకున్న ఒంటికి పట్టించి ఐదు, పది నిమిషాలు ఆగి, కడిగేసి, తొడుగుతో రుద్దాలి. మట్టి ఉండలుండలుగా రాలుతుంది. సంక్రాంతి నలుగు పెట్టుకున్నంత హాయి. వారానికి ఒకసారి చాలు. మొహం మీద, మొటిమల మీద ఆ తొడుగు వద్దు. ఆర్గాన్ నూనెలో రెండు రకాలున్నాయి: వేయించిన గింజల వాసన గుప్పుమంటే అది వంటది, ఒంటికి రాసేది పచ్చి గింజల నుంచి తీస్తారు, వాసన చాలా తక్కువ. తెల్ల గాజు సీసాలో, బజారు ఎండలో నిలబెట్టిన నూనె కొనొద్దు.

థాయ్‌లాండ్ స్నేక్ బ్రాండ్ చల్లని పౌడరు చెమటకాయలకు, మే నెలకు సరైన బహుమతి. తక్కువ ధర, కారే బెడద లేదు. చంటిపిల్లల దగ్గర మాత్రం చల్లొద్దు, పొడి ఊపిరిలోకి పోతుంది.

జపాన్ 'లోషన్' క్రీము కాదు, నీళ్లలాంటి టోనర్. హాడా లాబో రకం, తేమను పట్టి ఉంచే హయలూరోనిక్ ఆమ్లం ఉన్న లోషన్‌ను తడి మొహం మీద అద్ది, వెంటనే పైన క్రీము రాయాలి. మన ఏప్రిల్ వడగాలికి అదొక్కటే రాసి వదిలితే చర్మం ఇంకా బిగుసుకుంటుంది. కొరియా నత్త జిగురు సీరమ్ పనితనం బాగానే ఉంటుంది, కానీ శాకాహారులకు ఇచ్చేముందు అది నత్తదని చెప్పి ఇవ్వాలి. కొల్లాజెన్ మాస్కులు కొన్ని పంది నుంచి, కొన్ని చేప నుంచి తీసినవి. ముస్లిం స్నేహితులకు ఇచ్చేటప్పుడు పెట్టె మీద చూసుకోవడం మర్యాద.

షియా గింజల నుంచి తీసే ఆఫ్రికా వెన్న, షియా బటర్, ఇక్కడి వేసవిలో నూనె అవుతుంది, మెల్లగా చల్లారితే రవ్వరవ్వగా గడ్డకడుతుంది. చెడిపోయిందని పారేయొద్దు. గిన్నె వేడినీళ్లలో పూర్తిగా కరిగించి, వెంటనే ఫ్రిజ్‌లో పెడితే మళ్లీ నున్నగా వస్తుంది.

తెల్లబరిచే క్రీములు మాత్రం ఎవరు అడిగినా తేవొద్దు. వారం పది రోజుల్లో రంగు తేలిందంటే లోపల పాదరసమో స్టెరాయిడో ఉందని అనుమానించాలి. మెర్క్యూరస్ క్లోరైడ్, కాలమెల్ అన్న పేర్లు పాదరసానివి. 'వెండి, బంగారు నగలకు తగలనీయొద్దు' అన్న హెచ్చరిక ఉన్నా అదే గుర్తు. తయారుచేసినవాళ్ల చిరునామా, పదార్థాల వరుస లేని డబ్బా ముట్టుకోకూడదు. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో డాక్టర్లు బయటపెట్టిన కిడ్నీ కేసుల్లో చాలామంది ఇలాంటి క్రీములు రాసినవాళ్లే. రాసుకున్న తల్లి చేతుల నుంచి, దుప్పట్ల నుంచి పిల్లలకూ పాదరసం చేరుతుంది. క్లోబెటసాల్, బెటామెథసోన్ అనే స్టెరాయిడ్లు ఉన్నవి చర్మాన్ని పలుచన చేస్తాయి, ఆపగానే ఎర్రటి మంట, మొటిమలు. ఇప్పటికే వాడుతున్నవాళ్లకు కాళ్లు వాచినా, మూత్రం నురగ వచ్చినా ఆ డబ్బా పట్టుకునే డాక్టరు దగ్గరికి పోవాలి. ఊళ్లో పార్లరులో 'ఫారిన్' అని అమ్మే డబ్బా మీద దిగుమతిదారు చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే అది చట్టప్రకారం అమ్మకూడని సరుకు.

సర్దేటప్పుడు చేతి బ్యాగులో ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదు. సీసాలో సగమే ఉన్నా లెక్క సీసా సైజుదే. చెక్‌ఇన్ పెట్టెలో స్ప్రేలు, సెంట్లు కలిపి మనిషికి రెండు లీటర్లు, ఒక్కోటి అర లీటరు లోపు. మూత తీసి సీసా నోటికి ప్లాస్టిక్ ముక్క పెట్టి బిగించి, విడిగా కవర్లో కట్టాలి. విటమిన్ సి సీరమ్ ఇంటికి చేరేసరికి ముదురు గోధుమరంగుకు తిరిగితే దాని బలం పోయినట్టే. ఏది తెచ్చినా ముందు మోచేతి మడతలో రాసి రెండు రోజులు చూడండి, దురద లేకపోతేనే మొహానికి.